డోలు వచ్చింది, డోలు కొట్టేవాడేడీ?

కిందటేడు మా ఆశ్రమ పాఠశాల వార్షికోత్సవానికి తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు గోండీలో ఒక ర్యాప్ పాట కట్టారు. మాటలు వాళ్లవే. బస్సు రాని ఊరు, పట్టా కోసం నాయన తిరిగిన ఆఫీసులు, సెలవులకు ఇంటికి పోతే తన మాట తనకే తడబడే పిల్లాడు, అన్నీ అందులో ఉన్నాయి. పాట కింద డోలు మోగుతోంది. వింటుంటే ఒళ్లు గగుర్పొడిచింది.

స్టాఫ్ రూములో రెండు పక్షాలు లేచాయి. ఒక పక్షం, "ఇది మన సంస్కృతి కాదు. ఎక్కడో అమెరికాలో పుట్టిన పాట. దీంతో పిల్లలు చెడిపోతారు, మన పాట కలుషితమవుతుంది" అంది. రెండో పక్షం, "ఇప్పుడు కావలసింది ఇదే. దీన్నే ఫ్యూజన్ అంటారు. మన డోలు ప్రపంచానికి వినపడుతుంది" అంది. నేను రెండో పక్షం. గట్టిగా వాదించి పాటను స్టేజీ ఎక్కించాను.

కార్యక్రమం అయిపోయాక పక్క గూడెం నుంచి వచ్చిన ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి, "సారూ, ఆ డోలు నాది" అన్నాడు. ఆయన డోలు ఎవరైనా అడక్కుండా తెచ్చారేమో అనుకున్నాను. ఆయన చెప్పేది వేరు. బాక్సుల్లోంచి వినపడిన దెబ్బ ఆయనది. పిల్లల్ని పిలిచి అడిగితే సంగతి బయటపడింది. అంతకు ముందు దండారిలో ఎవరో ఫోనుతో తీసిన వీడియోలోంచి ఆ ముక్క కోసి, మళ్లీ మళ్లీ తిరిగేలా పెట్టుకున్నారు. పెద్దాయన కోపగించుకోలేదు. "అది పెన్ ముందు కొట్టే దెబ్బ. ఆటకు కొట్టే దెబ్బ వేరే ఉంటది. అడిగితే అదే కొట్టి ఇద్దును గదా" అన్నాడు. అని, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి నేను స్టాఫ్ రూములోని రెండు పక్షాలకూ దూరమయ్యాను. రెండు పక్షాలూ పాట గురించే కొట్లాడాయి. పాట చెడుతుందని ఒకరు, పాట వెలుగుతుందని ఇంకొకరు. పాట వెనక ఉన్న మనిషి గురించి ఎవరూ మాట్లాడలేదు. అందరికంటే గట్టిగా అరిచిన నేనూ మాట్లాడలేదు. ఈ వ్యాసం ఆ రెండు పక్షాల మీదా, నా మీదా.

ముందుగా "ర్యాప్ మనది కాదు" అనేవాళ్లకు ఒక మాట. నిజమే, అది మన దగ్గర పుట్టలేదు. కానీ ఎలా పుట్టిందో తెలుసుకుని మాట్లాడితే బాగుంటుంది. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ నగరంలో బ్రాంక్స్ అనే పేదల పేటలో, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు భవనంలో ఒక పార్టీ జరిగింది. సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయి బడి తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోవడానికి ఆ పార్టీ పెట్టింది. టికెట్టు ఆడపిల్లలకు పావు డాలరు, మగపిల్లలకు అర డాలరు. రికార్డులు వేసింది ఆమె అన్న. జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబం వాళ్లది. అతన్ని లోకం డీజే కూల్ హెర్క్ అని పిలుస్తుంది. పాటలో గొంతు ఆగి, డ్రమ్ము ఒక్కటే మోగే ఆ కొన్ని క్షణాల కోసమే ఆడేవాళ్లు కాచుకుని ఉంటారని అతను గమనించాడు. ఒకే రికార్డు రెండు కాపీలు పక్కపక్కన పెట్టి, దీని తర్వాత అది, దాని తర్వాత ఇది వేస్తూ ఆ డ్రమ్ము ముక్కను సాగదీశాడు. హిప్ హాప్‌కు వేరు అదే. ఆడేవాళ్ల కాళ్లు చూసి దెబ్బ సాగదీయడం మన డోలు కొట్టేవాళ్లకు కొత్త విద్యా? కాబట్టి ర్యాప్ పేరు చెప్పి పిల్లల్ని తిట్టకండి. బడికి బట్టల్లేని పిల్లల ఇంట్లోంచి వచ్చిన పాట అది.

ఇక "ఫ్యూజన్ కావాలి" అనేవాళ్లకు. కలపడం అంటే ఏమిటో చెప్పడానికి ఒక రాత్రి గురించి చెబుతాను.

అమెరికాలో జామ్ బ్యాండ్లు అని ఉంటాయి. 1965లో కాలిఫోర్నియాలో మొదలైన గ్రేట్‌ఫుల్ డెడ్ వాటికి పెద్దన్న లాంటిది. 1983లో వెర్మాంట్ రాష్ట్రంలో విద్యార్థులు పెట్టుకున్న ఫిష్ ఆ దారిలో వచ్చిన బ్యాండే. వీళ్లు పాటను రికార్డులో ఉన్నట్టు వాయించరు. మొదలుపెట్టాక ఎటు పోతుందో వాళ్లకే తెలియదు. గిటారు ఒక మాట అంటే డ్రమ్ము జవాబిస్తుంది, కీబోర్డు దాన్ని అందుకుని ఇంకో దారికి తిప్పుతుంది. ఐదు నిమిషాల పాట ఇరవై నిమిషాలు కావచ్చు. నిన్న విన్నది ఇవాళ వినపడదు. రాత్రంతా ధింసా ఆడిన ఊరికి దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. మోరి ఊదేవాడు తుడుము కొట్టేవాడి ముఖం చూస్తాడు, తుడుము కొట్టేవాడు వరుసలో ఆడేవాళ్ల అడుగు చూస్తాడు.

2004 జూన్ 18న బ్రూక్లిన్‌లోని కోనీ ఐలండ్‌లో, సముద్రం పక్కన ఉన్న ఒక బేస్‌బాల్ మైదానంలో ఫిష్ వాయిస్తోంది. తాము విడిపోతున్నామని అంతకు కొద్ది వారాల ముందే ప్రకటించారు కాబట్టి అభిమానులు దిగులుగా ఉన్న రోజులవి. మధ్యలో స్టేజీ మీదికి జే జీ వచ్చాడు. బ్రూక్లిన్‌లోనే మార్సీ అనే పేదల ఇళ్ల సముదాయంలో పెరిగి, ర్యాప్‌లో శిఖరానికి చేరినవాడు. ఫిష్ వినేవాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు. ఈ రెండు గుంపులూ మామూలుగా ఒక మైదానంలో నిలబడేవి కావు. ఆ రాత్రి జే జీ తన రెండు పాటలు పాడాడు, ఫిష్ వాయించింది.

నేను అక్కడ లేను. అక్కడున్నవాళ్లు తీసిన రికార్డింగు విన్నాను. అతను రాగానే మైదానం పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కానీ నన్ను ఆపేసింది ఆ కేక కాదు, డ్రమ్ము. రికార్డులో జే జీ మాట కింద మోగేవి ఎక్కువగా యంత్రంలో కూర్చిన శబ్దాలు, పాత పాటల్లోంచి కోసిన ముక్కలు. ఆ రాత్రి మోగింది ఒక మనిషి చేతులు. డ్రమ్ముల వెనక జాన్ ఫిష్‌మన్ కూర్చుని ఉన్నాడు. యంత్రం ఎదుటివాడి ఊపిరిని లెక్కచేయదు. ఎదురుగా మనిషి ఉంటే అతని పేరు చెప్పాలి, అతని వైపు చూడాలి, అతను ఆగితే ఆగాలి. జే జీకి ఇది మొదటిసారి కూడా కాదు. 2001లో టీవీ కోసం చేసిన ఒక కచేరీలో ఫిలడెల్ఫియాకు చెందిన ద రూట్స్ బృందం అతనికి వాయించింది. క్వెస్ట్‌లవ్ డ్రమ్ములు వాయించే ఆ బృందం హిప్ హాప్‌ను చేతులతో వాయించి చూపించడానికే పేరుపడింది.

లైవ్ అనే మాటకు నేను చెప్పుకునే అర్థం ఇదే: ఎదురుగా మనిషి ఉండక తప్పదు. శబ్దాన్ని మనిషి లేకుండా ఎత్తుకుపోవచ్చు. స్టేజీని మనిషి లేకుండా నింపలేం.

మనిషిని వదిలేసి శబ్దాన్ని తీసుకుంటే ఏమవుతుందో కూడా ఆ దేశమే చూపించింది. జేమ్స్ బ్రౌన్ బృందంలో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ అనే నల్లజాతి డ్రమ్మర్ ఉండేవాడు. 1969లో రికార్డు చేసిన "ఫంకీ డ్రమ్మర్" అనే పాటలో కొన్ని క్షణాలపాటు ఆయన ఒక్కడే వాయిస్తాడు. ఆ ముక్కను కోసి వందల పాటల కింద పెట్టుకున్నారు. హిప్ హాప్‌లో అంతగా వాడుకున్న డ్రమ్ము దెబ్బలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పాట రాసినవాడిగా ఆయన పేరు లేదు. కాబట్టి ఆ హక్కు డబ్బూ ఆయనకు రాలేదు. 2017లో చనిపోయాడు. అదే 1969లో ద విన్‌స్టన్స్ అనే బృందంలో గ్రెగరీ కోల్‌మన్ ఆరేడు సెకన్లు వాయించిన ఇంకో ముక్క ఉంది. దాని మీద ఏకంగా కొన్ని సంగీత పద్ధతులే పుట్టాయి. అతను 2006లో పేదరికంలోనే పోయాడు. ఆ చట్టంలో పాట రాసినవాడికి హక్కు ఉంది, రికార్డు యజమానికి హక్కు ఉంది. దెబ్బ కొట్టిన చేతికి లేదు.

పేదల పాట పేదవాడి చేతిని దోచింది. ఈ సంగతి దాచిపెట్టి పిల్లలకు హిప్ హాప్‌ను పొగడకూడదు.

ఆ బ్రూక్లిన్ రాత్రిని కూడా నేను దేవుణ్ణి చేయను. ఎందుకంటే ఆ స్టేజీ మీద కూడా ఒక మనిషి లేడు. ఆ రాత్రి పాడిన రెండు పాటల్లో ఒకటి "బిగ్ పింపిన్". ఆ పాటలో చెవికి తగులుకునే రాగం అమెరికాది కాదు. 1957లో ఈజిప్టు స్వరకర్త బలీగ్ హమ్దీ, గాయకుడు అబ్దుల్ హలీం హాఫెజ్ కోసం కట్టిన "ఖొసారా" పాటలోది. ర్యాప్ పాటను తయారుచేసినవాళ్లు దాన్ని తీసి వాడుకున్నారు. హమ్దీ అప్పటికే చనిపోయాడు. 2007లో ఆయన వారసుడొకరు అమెరికా కోర్టుకు వెళ్లాడు. ఏళ్ల తరబడి నడిచి, 2015లో కేసు కొట్టేశారు. 2018లో పై కోర్టు కూడా అదే మాట చెప్పింది. ఆర్థిక హక్కులు అంతకు ముందే వేరేవాళ్లకు రాసిచ్చారు కాబట్టి, దావా వేసే అర్హత వారసుడికి లేదన్నారు. కాగితాల లెక్క సరిపోయింది. ఆ మైదానంలో ఊగిన వేలమందిలో ఆ రాగం కట్టినవాడి పేరు తెలిసినవాళ్లు ఎందరుంటారు? ఆ పాట మాటలు ఆడవాళ్లను కించపరిచేవి. తర్వాత చదువుకుని జే జీయే సిగ్గుపడ్డాడు. రాగం తీసుకున్న సంగతి మాత్రం కోర్టు దాకా నడిచింది.

అంటే, కళ్ల ముందు ఉన్నవాణ్ణి గౌరవించి, కళ్ల ముందు లేనివాణ్ణి మరిచిపోవడం చాలా తేలిక. మా బడిలో జరిగిందీ అదే. స్టేజీ మీద ఉన్న నలుగురు పిల్లలకు చప్పట్లు కొట్టాం. డోలు కొట్టినవాడు ముందు వరుసలోనే ఉన్నాడు. మాకు కనపడలేదు.

ఇక్కడ కొందరు ఒక మాట అడుగుతారు. "జానపదం అందరిదీ కదా. దానికి యజమాని ఎవరు? మీరూ కంపెనీల్లాగా హక్కు, హక్కు అంటారా?"

అనం. పంచుకోవడం మాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. దండారి బృందం ఊరి నుంచి ఊరికి పోతుంది. ఎదురొచ్చి తీసుకెళ్తారు, అన్నం పెడతారు, కూర్చోబెడతారు, సాగనంపుతారు. మన పాట ఎప్పుడో ఊరు దాటింది. కానీ మనుషులతో పాటు దాటింది. అతిథిగా వెళ్లింది, అన్నం తిని వచ్చింది. ఫోనులోంచి కోసిన ముక్కకు ఎవరు అన్నం పెడతారు?

జామ్ బ్యాండ్లవాళ్లకూ ఇలాంటి కట్టుబాటు ఒకటి ఉంది. గ్రేట్‌ఫుల్ డెడ్ తన కచేరీలను ప్రేక్షకులు రికార్డు చేసుకోనిచ్చింది. 1984లో అలా రికార్డు చేసేవాళ్ల కోసం ప్రత్యేకంగా చోటు కేటాయించింది. ఫిష్ కూడా రికార్డు చేసుకోనిస్తుంది. షరతు ఒక్కటే: పంచుకోండి, అమ్ముకోవద్దు. నేను విన్న ఆ రికార్డింగు అలాంటి అలవాటు వల్లే బతికింది. చూడండి, ఇచ్చినవాడు ఫలానా అని తెలుసు, ఎంతవరకు ఇచ్చాడో తెలుసు. మనం అడిగేది ఇంతకంటే ఎక్కువేం కాదు.

మనలాంటివాళ్లే దీన్ని చేసి చూపించారు. కెనడాలో ఆదివాసులు పెట్టుకున్న ఎ ట్రైబ్ కాల్డ్ రెడ్ అనే బృందం తమ పౌవావ్ జాతరల్లోని డోలును, పాటను హిప్ హాప్‌తో, ఎలక్ట్రానిక్ సంగీతంతో కలిపింది. ఇప్పుడు వాళ్ల పేరు ద హలూసి నేషన్. 2016లో వచ్చిన వాళ్ల ఆల్బమ్‌లో "ఆర్.ఇ.డి." అని ఒక పాట ఉంది. అందులో ర్యాపర్లు యాసీన్ బే, నార్సీ పాడారు, డోలు బ్లాక్ బేర్ అనే అతికమెక్ ఆదివాసుల బృందానిది. పాట పేరు పక్కన ఆ మూడు పేర్లూ కలిసే ఉంటాయి. అక్కడ డోలు ఊరూపేరూ లేని శబ్దం కాదు, ర్యాపర్‌తో సమానంగా పేరున్నది. ఇదే బృందం తమ కచేరీలకు ఈకల కిరీటాలు పెట్టుకుని, ముఖాలకు రంగులు పూసుకుని వచ్చే బయటివాళ్లను అలా రావద్దని బహిరంగంగా అడిగింది. టికెట్టు కొన్నవాణ్ణే అడ్డుకుంది.

మన దగ్గర ఏం జరుగుతోంది? గుస్సాడి తలపాగా నెమలి ఈకల అలంకారం అయిపోయింది. సభకు వచ్చిన ప్రతి పెద్దమనిషి నెత్తిన పెట్టి ఫొటో దిగుతారు. ఎందుకు పెడతారు, ఎవరు పెట్టుకోవాలి, ఎన్ని రోజులు ఏ నియమం పాటించాలి, అడిగేవాడు లేడు. పెట్టేవాళ్లలో మనవాళ్లే ఉన్నారు. వాళ్లు వద్దనడం నేర్చుకున్నారు, మనం ఇంకా నేర్చుకోలేదు.

"పేరు ఇచ్చాం కదా, పద్మశ్రీలు ఇచ్చాం కదా" అంటారు. నిజమే. మర్లవాయి గుస్సాడి కనకరాజు గారికి 2021లో, కోయ పాటగాడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ప్రకటించారు. 2024లో ఇద్దరినీ పోగొట్టుకున్నాం. వాళ్లు నేర్చుకున్నది ఎంతమంది పిల్లలకు చేరింది? కిన్నెర మొగులయ్య గారి గొంతు "భీమ్లా నాయక్" పాటతో ఊరూరా మోగింది. ఆయన పేరుతోనే మోగింది, అది మెచ్చుకోవలసిందే. పద్మశ్రీ కూడా వచ్చింది. 2024లో ఆయన కూలిపనికి వెళ్తున్నాడన్న వార్త మనమంతా చదివాం. పేరు కావాలి. పేరొక్కటే ఇంటికి బియ్యం తేదు.

ఇక్కడ శుద్ధతావాదులతో ఇంకో మాట. మీరు పాట చెడిపోతుందని బెంగపడతారు. మంచిదే. కిక్రి వాయించే ప్రధాన్ ఇంటికో, తోటి ఇంటికో మీరు చివరిసారి ఎప్పుడు వెళ్లారు? పెన్ కథలు నోటికి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే పోతుంటే, పిల్లల ఫోను మీద కోప్పడి ఇంటికి వెళ్తున్నాం. పాటను పెట్టెలో పెట్టి తాళం వేసినవాడూ, ముక్క కోసుకుపోయినవాడూ ఒక విషయంలో ఒకటే. పాడినవాడికి ఇద్దరూ ఏమీ ఇవ్వలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీకు తెలియవలసిన చట్టం ఒకటి ఉంది. మన దేశపు కాపీరైట్ చట్టంలో 38వ సెక్షన్ ప్రదర్శకుల హక్కు గురించి చెబుతుంది. ప్రదర్శకుడంటే సినిమా గాయకుడు ఒక్కడే కాదు. వాయించేవాళ్లు, ఆడేవాళ్లు, చివరికి గారడీ చేసేవాళ్లు కూడా ఆ నిర్వచనంలో ఉన్నారు. ఆ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. 2012 సవరణతో ఇంకోటి చేర్చారు: ఇది నా ప్రదర్శన అని చెప్పుకునే హక్కు, దాన్ని వికారం చేసి తన పరువు తీస్తే అడ్డుకునే హక్కు. స్టబుల్‌ఫీల్డ్‌కు లేనిది మన పెద్దాయనకు కాగితం మీదైనా ఉంది. ఆ కాగితం చదివి చెప్పే పని చదువుకున్న మీది. ఊరంతటిదైన పాటకు, పెన్‌కు సంబంధించిన దెబ్బకు ఈ చట్టం చాలదు. దానికి మన పటేళ్లూ, పెద్దలూ కూర్చుని చెప్పే మాటే చట్టం.

టీచర్లకు నా విన్నపం చిన్నది. పిల్లలు ర్యాప్ కడతామంటే కట్టనివ్వండి. గోండీలో, కోయలో, కొలామీలో, సవరలో, లంబాడీలో కట్టనివ్వండి. బడి పుస్తకం రాయించలేని వాక్యాలు ఆ పాటలో రాస్తారు. కానీ డోలు కావాలంటే ఫోను దగ్గరికి కాదు, గూడేనికి పంపండి. "తాతా, ఈ పాటకు ఏ దెబ్బ కొట్టవచ్చు, ఏది కొట్టకూడదు?" అని అడిగి రమ్మనండి. కొట్టకూడదంటే అక్కడితో ఆగమనండి. కొడతానంటే ఆయన్నే తీసుకురమ్మనండి. రికార్డు చేస్తే ఆయన పేరు, ఊరు పాట పేరు పక్కనే రాయించండి. ఆ పాటకు రూపాయి వస్తే అందులో ఆయన వాటా ముందే మాట్లాడండి. పిల్లలు ఇందువల్ల నష్టపోరు. కోసిన ముక్క నాలుగు దెబ్బలే తిరుగుతుంది. మనిషి వస్తే నలభై రకాలు కొడతాడు, పిల్లవాడు మాట మరిచిపోతే వాడికి గుర్తొచ్చేదాకా ఆపకుండా కొడతాడు.

ఈ ఏడు వార్షికోత్సవం ముందు నేను ఆ పెద్దాయన ఇంటికి వెళ్లాను. ఆ నలుగురు పిల్లలూ వెంట వచ్చారు. తప్పయిందని చెప్పాం. ఆయన నవ్వి, వస్తానన్నాడు. రెండు షరతులు పెట్టాడు. ఒకటి, పిల్లల నోటి దగ్గర ఒక మైకు పెడితే డోలు దగ్గర కూడా ఒక మైకు పెట్టాలి. రెండు, డీజే బాక్సులవాడికి ఎంత ఇస్తారో తనకూ, తన వెంట వచ్చే ఇద్దరికీ తలా అంతే ఇవ్వాలి.

మొదటి షరతుకు స్టాఫ్ రూములో రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. రెండో దాని దగ్గర, "ఊరివాడే కదా, డబ్బెందుకు? శాలువా కప్పుదాం" అన్నాయి. ఇన్నాళ్లకు రెండు పక్షాలూ ఒకటైన సందర్భం అదే. ఆ శాలువా మీదే ఇప్పుడు మా కొట్లాట.